మైకు పక్కన పెట్టి చెప్పండి

ఈ ఉగాదికి మన తెలుగువాళ్ళ వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక, కవి సమ్మేళనం మొదలయ్యేలోపు, హాలు వెనక ఫోటోల బోర్డు దగ్గర జరిగింది మీలో చాలామంది చూశారు. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. ఆ రోజు నుంచీ మనసులో ముల్లులా ఉండిపోయింది, అందుకే రాస్తున్నాను.

ఆ బోర్డు మీద పెట్టిన ఒక ఫోటో తీసింది ఇంజనీరింగ్ రెండో ఏడు చదివే కుర్రాడు. సెకండ్ హ్యాండ్ కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్సు, అంతే. తెల్లవారకముందే బెంగళూరు కె.ఆర్. మార్కెట్‌కి వెళ్ళి మల్లెమాల కడుతున్న ఒక పెద్దావిడను తీశాడు. ఎన్నో ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్న పెద్దమనిషి ఒకాయన మైకు అందుకుని, "చెయ్యి చెదిరిపోయింది, పక్కన ప్లాస్టిక్ కవరు, వెనక ట్యూబులైటు, ఇలాంటివి పెట్టేముందు ఎవరికైనా చూపించుకోవాలి కదా బాబూ" అన్నారు. భోజనాల వేళకి బోర్డు మీద ఆ చోటు ఖాళీగా ఉంది.

మొన్నటిదాకా మన వాట్సాప్ గ్రూపులో అదే ఫోటోకి వరసపెట్టి "సూపర్", "అద్భుతం" అని పెట్టింది మనమే. ఆ మాటల్లో ప్రేమ ఉంది, కాదనను, ఊరుగాని ఊళ్ళో మన పిల్లవాడు ఏం చేసినా మనకు ముద్దే. కానీ వాడు మళ్ళీ మార్కెట్‌కి వెళ్ళినప్పుడు ఏం చెయ్యాలో అందులో ఒక్క ముక్కా లేదు.

నా మొదటి ఫిల్ము రోలు 1993లో, మదనపల్లెలో, అక్క పెళ్ళికి. 36 ఫోటోలు, కడిగించడానికి అమ్మ దగ్గర డబ్బులడిగి తీసుకున్నాను. స్టూడియో ఆయన ప్రింట్లన్నీ బల్ల మీద పరిచి, "ఇందులో నీకేది ఇష్టం అమ్మా?" అన్నాడు. అప్పగింతలప్పటి ఫోటో చూపించాను. "ఎవర్ని చూపిద్దామని తీశావు?" అన్నాడు. అమ్మను, అన్నాను. సొరుగులోంచి ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలు తీసి, ఫోటో మీద పెట్టి మెల్లగా లోపలికి జరుపుతూ పోయాడు. షామియానా గుంజ పోయింది, ఎవరిదో భుజం పోయింది, చివరికి అమ్మ ముఖం, ఆవిడ పట్టుకున్న అక్క చెయ్యి మిగిలాయి. "రెండడుగులు ముందుకెళ్ళుంటే ఇది కెమెరాలోనే వచ్చేది" అన్నాడు. మిగతా ముప్ఫై అయిదింటి గురించి నోరెత్తలేదు. ఆ రెండడుగులు నేను ఇప్పటికీ వేస్తున్నాను.

మొన్న ఆదివారం ఆ కుర్రాడి ఇంటికి వెళ్ళి ఫోటో మళ్ళీ చూశాను. గంప అంచు, ఆవిడ ముక్కుపుడక స్పష్టంగా ఉన్నాయి, చెదిరింది వేళ్ళు మాత్రమే. అంటే కెమెరా వణకలేదు. షటర్ 1/15 దగ్గర ఉంది, అంటే సెకనులో పదిహేనో వంతు సేపు తెరుచుకుని ఉంది, ఆలోపే వేళ్ళు కదిలిపోయాయి. 1/125కి పెట్టి, దానివల్ల తగ్గే మూడు స్టాపుల వెలుతురు (ఒక్కో స్టాపుకి సగం తగ్గుతుంది) పూడ్చడానికి ఐఎస్ఓ, అంటే వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 800 నుంచి 6400కి పెంచితే, నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, కాస్త కనిపించినా వేళ్ళు నిలిచేవి. అదే చెబుదామని నోరు తెరిచి, ముందు ఏం చూపిద్దామనుకున్నావని అడిగాను. "ఆవిడ చేతులు ఎంత ఫాస్టో చూపిద్దామని ఆంటీ. చూస్తుండగానే మూర అయిపోతోంది" అన్నాడు.

అప్పుడు నా సలహా కూడా తప్పే కదా! ఆ ఫోటోకి 1/15 సరైనదే, చెదరడం కోసమే తీశాడు. ఇక మిగిలినవి కవరు, ట్యూబులైటు. ఓ అడుగు ఎడమకి జరిగితే రెండూ స్తంభం చాటుకి పోయేవి.

వాడికీ ఒక మాట చెప్పాను. "మూడున్నరకే లేచాను, అక్కడంతా తోపులాట" అంటున్నాడు, కానీ చూసేవాళ్ళకి ఆ కష్టం కనపడదు, బోర్డు మీదున్నదే కనపడుతుంది. ఎవరైనా తప్పు చెబుతుంటే మధ్యలో సంజాయిషీ ఇవ్వకుండా చివరిదాకా విను, నీకు అక్కర్లేనిది తర్వాత వదిలెయ్ అన్నాను. ఇంకోటి, మన ఇళ్ళల్లో వడ్డించేవాళ్ళు "ఎలా ఉంది" అని ఊరుకోరు, "ఉప్పు సరిపోయిందా, పులుపు ఎక్కువైందా" అని అడుగుతారు, నువ్వూ అలా అడుగు, అప్పుడు ఎవరూ సూపర్ అని తప్పించుకోలేరు అన్నాను.

కమిటీవారికి నా విన్నపం. దీపావళికి మళ్ళీ బోర్డు పెడతారు కదా, ప్రతి ఫోటో కింద తీసినవాళ్ళు తమ ప్రశ్న రాసుకోవడానికి చిన్న చీటీ అతికించండి. అక్కడికి మైకు తేవద్దు. ఆ పెద్దమనిషికి కూడా చెబుతున్నాను, మీకు తెలిసినంత వెలుతురు సంగతి మనలో ఇంకెవరికీ తెలియదండీ, దయచేసి ఓ తెల్లవారుజామున వాణ్ణి మీతో మార్కెట్‌కి తీసుకెళ్ళండి. వాడు వస్తానన్నాడు, నేను అడిగాను.