నాలుగొందల ఏళ్ల స్వామివారు

"పూర్వం సన్యాసిని అనుమానించే పాపిష్టి బుద్ధి ఎవరికీ ఉండేది కాదండీ!" ఏ స్వామివారి లెక్కల మీద ఎవరు నోరెత్తినా సరే, టీవీ చర్చలో ఒక పెద్దమనిషి కండువా సర్దుకుని ఈ మాట అనేస్తాడు. ఎదుటివాడు నోరు మూసుకుంటాడు. ఇంతకీ ఆ పూర్వం ఎప్పటిదో ఆయనా చెప్పడు, మనమూ అడగం.

బుద్ధుడి కాలం కొంచెం పూర్వమే అనుకుంటాను. శ్రావస్తిలో ఒక సాయంత్రం పూర్వారామం అనే బౌద్ధ విహారం వాకిట్లో బుద్ధుడు కూర్చున్నాడు, పక్కన కోసల రాజు ప్రసేనజిత్తు. అటుగా జడలవాళ్లు ఏడుగురు, నిగంఠులనే జైన సన్యాసులు ఏడుగురు, దిగంబరులు ఏడుగురు, ఒంటిబట్టవాళ్లు ఏడుగురు, పరివ్రాజకులనే దేశదిమ్మరి సన్యాసులు ఏడుగురు పోతున్నారు. పెరిగిన గోళ్లు, భుజాన కావిళ్లు. రాజు లేచి, మోకాలు నేలకానించి, తన పేరు మూడుసార్లు చెప్పుకుని మరీ మొక్కాడు. వాళ్లు దాటిపోయాక, వీళ్లూ అర్హంతులే, అంటే ముక్తి పొందిన మహాత్ములే కదా అన్నాడు. సంసారికి అది తెలియడం కష్టం, చాన్నాళ్లు కలిసి బతికితే గాని ఎవరి శీలమూ బయటపడదు అన్నాడు బుద్ధుడు. అప్పుడు కక్కాడు రాజు అసలు సంగతి: వాళ్లు తన వేగులేనట! ఊళ్లు తిరిగి కబుర్లు మోసుకొస్తున్నారట. ఇక దుమ్ము కడుక్కుని, గడ్డం చేయించుకుని, గంధం పూసుకుని, తెల్లబట్టలు కట్టి సుఖపడతారట. ముప్పై అయిదుగురికి ముప్పై అయిదుగురూ ప్రభుత్వోద్యోగులే. సంయుత్త నికాయమనే పాళీ బౌద్ధ గ్రంథంలో ఉన్న ముచ్చటే ఇది, నా కల్పన కాదు.

ఇక కౌటిల్యుడు. 1909లో శామశాస్త్రి మైసూరు నుంచి అర్థశాస్త్రాన్ని అచ్చువేయించిన నాటి నుంచీ దాన్ని పొగడని ఉపన్యాసకుడు లేడు. తిరగేసినవాళ్లు మాత్రం తక్కువ. అందులో తాపస వేషం వేసిన వేగుకు భోజన నియమాలున్నాయి: నెలకో రెండు నెలలకో ఓసారి నలుగురూ చూస్తుండగా పిడికెడు కూరాకో యవలో తినాలి, చాటుగా ఇష్టమైంది తినాలి. వేగుల శాఖ వారి ఉపవాస దీక్ష!

నాకు ప్రాణమైన ఘట్టం వేరే ఉంది. శత్రురాజును కోటలోంచి బయటికి రప్పించాలి. అందుకు వేగుల్లోంచి ఒక బోడిగుండాయనో జడలాయనో కొండగుహలోంచి దిగి, బోలెడంత శిష్యగణంతో ఊరి పక్కన మకాం పెడతాడు. వయసెంత స్వామీ అంటే నాలుగొందల ఏళ్లు అంటాడు. శిష్యులు దుంపలూ పళ్లూ పట్టుకెళ్లి రాజునూ మంత్రులనూ దర్శనానికి ఒప్పిస్తారు. రాజు రాగానే స్వామి పాత రాజుల ముచ్చట్లన్నీ తాను కళ్లారా చూసినట్టు చెబుతాడు. ఆ తర్వాత అసలు ఎర: "నూరేళ్లకోసారి అగ్నిలో దూకి మళ్లీ పసివాణ్ణవుతాను. ఈసారి నాలుగో విడత, నీ సమక్షంలోనే. మూడు వరాలు కోరుకో. పెళ్లాం బిడ్డలతో ఏడు రాత్రులు ఇక్కడే ఉండి వేడుక చూడు." రాజు ఉంటాడు. ఎందుకుండడు? రిజర్వేషను దొరకని ఉత్సవం అది. ఉండగా మీదపడి పట్టుకుంటారు. అగ్నిప్రవేశం సంగతి స్వామిని అడిగే తీరిక ఆ రాజుకు మిగలదు.

ఇంకోచోట కౌటిల్యుడు వేగుల్ని సొరంగంలోంచి దేవతా విగ్రహంలోకి దూరి, దేవుడి గొంతుతో మాట్లాడమన్నాడు. మన పెద్దమనిషి ఉంటే చెంపలు వేసుకునేవాడు.

ఇంతవరకూ నవ్వొచ్చింది. ఈ వేషాలు వేసిందెవరో చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. రాజు పోషించక తప్పని దిక్కులేని పిల్లల్ని తెచ్చి సాముద్రికం, శకునాలు, గారడీ నేర్పి వేగుల్ని చేశారు. బతుకుదెరువు పోయిన రైతుకు గృహస్థు వేషం. బతకడానికి దారి వెతుక్కునే పేద విధవరాలికి సన్యాసిని వేషం వేసి మంత్రుల ఇళ్లకు తోలారు. తిండి పెట్టడానికి ఇదా షరతు? జీతాల పట్టికైతే మరీ నిర్లజ్జగా ఉంది. పురోహితుడికి 48,000 పణాలు (అప్పటి నాణేలు), తాపస వేషగాడికి 1,000, బిచ్చమెత్తే సన్యాసిని వేషంలోని భిక్షుకికి 500. ధర్మం పేరు చెప్పి కూర్చున్నవాడికి నలభై ఎనిమిది వేలు, ఆ పేరుతో ప్రాణాలొడ్డి గుమ్మం గుమ్మం తిరిగిన మనిషికి అయిదొందలు! తెచ్చిన కబురు పదేపదే తప్పిందా, ఉద్యోగం ఊడుతుంది, లేదా గుట్టుచప్పుడు కాకుండా దండిస్తారు. ఫలానావాళ్లు ఏమయ్యారని అడిగే నాథుడెవడు? ఏరికోరి తెచ్చిందే ఎవరూ లేనివాళ్లను.