సవరణ: గరుకు పైపులన్నీ నాసిరకం కావు

పొగాకు పైపుల పనితనం గురించి రాసిన పోస్టులో, గరుకుగా ఉండే పైపంటే చెక్కలోని లోపాన్ని దాచినదేననీ, నున్నటిదే మేలురకమనీ అన్నాను. అది తప్పు. ఆ మాట నమ్మి మంచి పైపును ఎవరైనా పక్కన పెట్టి ఉంటే క్షమించాలి.

గరుకుదనం రెండు రకాలు. ఒకటి పనిముట్టుతో చెక్కింది. చిన్న గుంటల్ని కప్పడానికి దీన్ని ఎక్కువగా వాడతారు. రెండోది ఒత్తిడితో ఇసుక చిమ్మి తీసింది. మెత్తటి భాగం అరిగిపోయి, చెక్క వయసు వలయాలు గట్లుగా పైకి తేలతాయి. లండన్‌లో పైపుల తయారీదారు ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1917లో ఈ పద్ధతికే పేటెంటు కోరాడు. అలా చేసి అతను 'షెల్' అని పేరు పెట్టిన పైపుల్ని ఇవాళ్టికీ సేకర్తలు ఇష్టంగా వెతుక్కుంటారు. వలయాలు దగ్గరదగ్గరగా, తెగకుండా చుట్టూ తిరిగాయా అన్నది చూడండి. నిజంగా అనుమానించాల్సింది నున్నటి పైపు మీద రంగు కింద దాగిన పుట్టీ మచ్చల్ని.

ఇంకొకటి. 'ఇంగ్లండ్ చెక్క' అని రాశాను. అలాంటిది లేదు. ఈ పైపులు చేసే చెక్క బ్రయర్‌ది. అది మధ్యధరా తీరపు పొద; దాని వేరుబుడిపె కోర్సికా, కలాబ్రియా, అల్జీరియా లాంటి చోట్ల నుంచి వచ్చేది. లండన్‌కైనా, ఫ్రాన్స్‌లోని సెయింట్ క్లాడ్‌కైనా, డెన్మార్క్‌కైనా చెక్క బయటిదే. పైపు మీది ఊరి పేరు పని జరిగిన చోటును చెబుతుంది, అంతే. అందుకే దేశం పేరు కన్నా ముందు పొగ వచ్చే లోపలి రంధ్రం చూడమంటాను: అది పొగాకు నింపే గిన్నె అడుగున సరిగ్గా మధ్యలో తేలాలి.