తొమ్మిది గంటల గేటు కోసం పరుగు

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో నల్లమల అడవి మొదట్లో ఉన్న మన్ననూరు అటవీ చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు పడుతుంది. తెల్లవారి ఆరు గంటలకు గాని మళ్లీ లేవదు. అదే దారిలో అడవికి అవతలి చివరన ఉన్న దోమలపెంటలోనూ, దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలోనూ ఇదే కట్టడి. పెద్దపులికీ, చిరుతకూ, ఎలుగుబంటికీ రాత్రి వేళ నల్లమలలో దారి వదలాలని పెట్టిన నియమం ఇది. చాలా మంచి నియమం. కానీ దాని నీడలోనే ఒక చెడ్డ అలవాటు పెరిగింది. ఎనిమిది దాటిన దగ్గర నుంచి కార్లు గేటు అందుకోవాలని దూసుకొస్తాయి. గేటు దాటినవి ఎలాగైనా అడవి గట్టెక్కాలని వేగం ఇంకా పెంచుతాయి. సరిగ్గా ఆ వేళకే కణుజులు, దుప్పులు నీటికీ మేతకూ కదులుతాయి. ఉదయం ఆరింటికి గేటు లేవగానే వరసకట్టి ఉన్న వాహనాలన్నీ పందెంలో వదిలినట్టు ఒక్కసారిగా ఉరుకుతాయి. అదీ వన్యప్రాణులు తిరిగే వేళే. రాత్రంతా అడవికి ఇచ్చిన ప్రశాంతతను ఆ రెండు మూడు గంటల్లో మనమే లాగేసుకుంటున్నాము.

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. కంటికి కనిపించినది మనసుకు తెలిసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికే కారు ఆ 22 మీటర్లూ దాటేసి ఉంటుంది. వేగం రెట్టింపైతే, బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. మలుపు తిరగగానే లైట్ల వెలుగులో దుప్పి నిలబడి ఉంటే నలభైలో వస్తున్నవాడు ఆపగలడు, ఎనభైలో వస్తున్నవాడు ఆపలేడు. అది పక్కకు తప్పుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. చీకటికి అలవాటుపడిన కంటి మీద ఒక్కసారిగా హెడ్‌లైటు పడితే దానికి ఏమీ కనిపించదు. ఎటు పరుగెత్తాలో తెలియక ఉన్నచోటే కొయ్యబారిపోతుంది. అప్పుడు హారన్ మోగిస్తే ఆ బెదురులో బండి కిందికే దూకవచ్చు. పగలంతా ఎండకు కాగిన తారు పొద్దుపోయాక కూడా వెచ్చగా ఉంటుంది కాబట్టి పాములు దాని మీదకు చేరతాయి. ఒళ్లంతా పొలుసులుండే అలుగు సంగతి మరీ దయనీయం. ప్రమాదం ముంచుకొచ్చినప్పుడు బంతిలా ముడుచుకుపోవడం ఒక్కటే దానికి తెలుసు. పులి కోరలను కూడా తట్టుకునే ఆ పొలుసులు లారీ చక్రం కింద పనికిరావు.

మనిషి చనిపోతే రోడ్డు మీద సుద్దముక్కతో గీతలు పడతాయి, పంచనామా జరుగుతుంది, కేసు నంబరు వస్తుంది. ఉడుమో, పునుగుపిల్లో, నక్షత్ర తాబేలో చనిపోతే వెనక వచ్చే లారీలు దాని మీదుగా వెళ్తూనే ఉంటాయి. తెల్లవారేసరికి అది తారు మీద ఒక మరక. పులో చిరుతో అయితే వార్త అవుతుంది. మిగిలినవాటికి ఆ పాటి గుర్తింపు కూడా లేదు.

2023 జూన్‌లో పలమనేరు దగ్గర చిత్తూరు–బెంగళూరు రహదారి మీద జరిగినది మాత్రం ఎవరూ చూడనట్టు నటించగలిగినది కాదు. రాత్రివేళ రోడ్డు దాటుతున్న ఏనుగులను కూరగాయలతో వేగంగా వస్తున్న వాహనం ఢీకొంది. మూడు ఏనుగులు అక్కడే ప్రాణాలు విడిచాయి. ఆ ప్రాంతపు ఏనుగులది ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన కథ. ఎన్నో తరాలుగా ఏనుగు అడుగు పడని ఆ అడవుల్లోకి 1980లలో పొరుగు రాష్ట్రాల నుంచి మందలు వచ్చి చేరాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అడవికి అభయారణ్యం అని పేరు పెట్టినంత మాత్రాన ఏనుగు దారి మారదు. అది తన దారిన తాను నడుస్తుంది, ఆ దారిని మన రహదారి అడ్డంగా కోసేసింది. చేలు పోగొట్టుకుని, ఇంటి మనిషిని కూడా పోగొట్టుకున్న పలమనేరు, కుప్పం రైతుల బాధ చిన్నది కాదు. అయినా ఆ మూడింటిని చంపినది రైతు ఆగ్రహం కాదు, వేగం.

ఏనుగుల మంద రోడ్డు దాటే తీరు చూసినవారికి తెలుసు. ముందు పెద్ద ఆడ ఏనుగు గట్టు మీద నిలబడి వాసన పడుతుంది. అది కదిలాకే మిగిలినవి కదులుతాయి. గున్నలు పెద్దవాటి మధ్య నడుస్తాయి. అవన్నీ దాటేదాకా ఒకటి రెండు ఏనుగులు రోడ్డుకు అడ్డంగా కాపలా ఉంటాయి. ఇదంతా కొన్ని నిమిషాల పని, మహా అయితే పావుగంట. అంతసేపు బండి ఆపుకొని కూర్చోలేనివారు హారన్ మోగిస్తారు, లైట్లు కొడతారు, యాక్సిలరేటర్ తొక్కి ఇంజిన్‌తో రొద చేస్తారు, అంగుళం అంగుళం ముందుకు జరుపుతారు. మందను రెండుగా చీల్చుకుంటూ పోయేవారూ ఉన్నారు. తల్లి ఒక పక్క, గున్న ఒక పక్క మిగిలిపోయాక ఆ తల్లి ఏం చేస్తుంది? ఘీంకరించి మీదకు వస్తుంది. మర్నాడు పత్రికల్లో ‘వాహనదారులపై ఏనుగు దాడి’ అని శీర్షిక వస్తుంది. ఇలాంటి శీర్షికలు మేమూ పెట్టాము. ముందు ఎవరు ఎవరి మీదకు వెళ్లారో రాయకుండా దాడి అనే మాట వాడడం తప్పు. ఇకమీదట ఆ తప్పు చేయము.

అందరూ ఇలా లేరు. ఈ దారుల్లో ఏళ్ల తరబడి బండి నడుపుతున్న బస్సు, లారీ డ్రైవర్లలో ఎందరో ఏనుగు కనిపించగానే దూరంగా ఆపి, ఇంజిన్ కట్టేసి, వెనక వచ్చేవారికి చేయి ఊపి చెబుతారు. ఆలస్యమైతే జీతానికో బాడుగకో గండి పడేది వారికే. సెలవు రోజు సరదాకు బయలుదేరినవారికే ఎక్కువ తొందర ఉండడం బాధ కలిగిస్తుంది. 2025 ఆగస్టులో కర్ణాటకలోని బందీపూర్‌లో ఏనుగుతో ఫోటో కోసం కారు దిగిన ఒక వ్యక్తి దాని కాళ్ల కింద పడి, అదృష్టం బాగుండి బతికాడు. అటవీ శాఖ అతనికి 25,000 రూపాయల జరిమానా వేసింది. సరైన పనే చేసింది.

చట్టంలో లోటు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన అర్థంలో తుపాకీ, ఉచ్చు మాత్రమే కాదు, వన్యప్రాణిని తరమడమూ గాయపరచడమూ ఉన్నాయి. లైట్ల వెలుగులో కుందేలును కిలోమీటరు దూరం తరిమి, దాన్ని ఫోనులో చిత్రీకరించి నవ్వుకునేవారు చట్టం దృష్టిలో వేటగాళ్లే. అభయారణ్యంలో జంతువును ఆటపట్టించడాన్ని కూడా అదే చట్టం విడిగా నిషేధించింది. పొరపాటున చనిపోయిన వన్యప్రాణి సైతం ప్రభుత్వ ఆస్తే. రోడ్డు మీద పడి ఉన్న దుప్పిని డిక్కీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్లడం నేరం. ఈ మాట చాలామందికి తెలియదు. తెలిసినవారిలో కొందరికి భయం లేదు. తాము చేసినది తామే చిత్రీకరించి పదిమందికీ చూపించుకుంటున్నవారి మీద కూడా కేసు పెట్టలేకపోతే ఆ చట్టం ఎవరి కోసం?

కోతుల గురించి కూడా చెప్పాలి. శ్రీశైలం దారిలో కారు అద్దం దించి అరటిపండ్లు, బిస్కెట్లు విసరడం పుణ్యమని నమ్మేవారు చాలామంది. అలా తినడానికి అలవాటుపడిన కోతులు, కొండముచ్చులు చెట్లు వదిలి రోడ్డంచునే కాపురం పెడతాయి. పిల్లను పొట్టకు కరుచుకున్న తల్లి పండు కోసం రోడ్డు మధ్యకు వస్తుంది. ముందు కారు విసిరిన పండు దగ్గరే వెనక కారు చక్రం కింద పడుతుంది. పశుపతి అని మనం కొలిచే దేవుడి దర్శనానికి వెళ్తూ చేసే పని ఇది.

తప్పంతా స్టీరింగు పట్టిన చేతిదే అనడం న్యాయం కాదు. రోడ్డు వేసేవారు అడవిని ఖాళీ జాగాగా చూసినంత కాలం ఎంత నిదానమైన డ్రైవరైనా ఏదో ఒక రోజు ఒక ప్రాణిని ఢీకొంటాడు. ఆదిలాబాద్, నిర్మల్, హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా సాగే 44వ నంబరు జాతీయ రహదారే నాగ్‌పూర్ దాటాక పెంచ్ పులుల అడవిలోంచి వెళ్తుంది. అక్కడ రోడ్డును స్తంభాల మీదకు ఎత్తి, కింద జంతువులకు దారులు వదిలారు. 2019 మార్చి నుంచి డిసెంబరు దాకా భారత వన్యప్రాణి సంస్థ అమర్చిన కెమెరాల్లో 18 జాతుల జంతువులు 5,450 సార్లు ఆ దారుల్లో కనిపించాయి. పులులు కూడా వాడుకున్నాయి. మన్ననూరు–శ్రీశైలం మధ్య కూడా రోడ్డును పైకెత్తాలనే ప్రతిపాదన ఉంది. అది వాహనాల వేగం కోసమా, కింద నడిచే జంతువు కోసమా అన్నది స్తంభాలను ఎక్కడ నిలబెడతారు, పాత రోడ్డును ఏం చేస్తారు అన్నదాన్ని బట్టి తేలుతుంది. పైన కొత్త రోడ్డు, కింద పాత రోడ్డు రెండూ నడిస్తే అడవికి ఒరిగేదేమీ ఉండదు. అదీగాక దానికి ఏళ్లు పడతాయి.

ఇప్పటికిప్పుడు చేయగలిగినది ఒకటుంది. అందుకు ఎక్కడికో వెళ్లి నేర్చుకోనక్కరలేదు. తిరుమల ఘాట్ రోడ్డులో కొండెక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని లెక్క కట్టారు. అంతకంటే ముందే చేరుకున్నవాడు వేగంగా నడిపినట్టే లెక్క, జరిమానా కట్టాలి. అక్కడ ఎవరూ గొణగరు. ముందుగా వచ్చేసినవారు గేటుకు కాస్త ఇవతల బండి ఆపుకొని నిమిషాలు గడిచేదాకా ఎదురుచూస్తారు. ఏడుకొండలవాడి దారిలో అంత బుద్ధిగా నడిచే మనమే మల్లన్న దారిలో ఎందుకు గాలిలో తేలిపోవాలి?

నల్లమలలో ప్రతి వాహనానికీ ఈ పద్ధతి పెట్టాలి. మన్ననూరులో లోపలికి వెళ్లిన వేళ, దోమలపెంటలో బయటపడిన వేళ చీటీ మీద పడాలి, లేదా కెమెరా నమోదు చేయాలి. ఇంత సమయం కంటే ముందే చేరితే ఇంత జరిమానా అని రెండు గేట్ల దగ్గరా తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. దాంతోపాటు రాత్రి గేటు పడే వేళను ప్రయాణ సమయంతో ముడిపెట్టాలి. తొమ్మిదికల్లా అవతల చేరేంత సమయం మిగలనప్పుడు బండిని లోపలికి వదలకూడదు. అప్పుడు ఎనిమిది గంటల పరుగే ఉండదు. దోర్నాల వైపు కూడా ఇంతే. ఆ రోడ్డంచు అడవి గురించి అక్కడ కాపలా కాసే చెంచు గిరిజన వాచర్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఏ మలుపులో ఏ జంతువు దాటుతుందో వారిని అడిగి ఆయా చోట్ల వేగనిరోధకాలు వేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల అటవీ శాఖలు, పోలీసులు కలిసి కూర్చుంటే ఇది నెలరోజుల పని. కార్తీక మాసం రద్దీ మొదలుకాకముందే ఆ చీటీలు గేట్ల దగ్గరకు చేరాలి.