ఇంట్లో చెప్పి వెళ్లనివ్వండి

మొన్న మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో జరిగింది మీలో చాలామంది చూశారు. పిల్లలకు భోగిపళ్లు పోశాక, ముగ్గుల పోటీ బహుమతులకు ముందు, యువజన విభాగం కుర్రాళ్లు ఇద్దరు మైకు తీసుకున్నారు. వచ్చే సీజన్‌లో ఇక్కడ అమెరికా తూర్పు తీరంలోని చీసపీక్ బే (అఖాతం)లో పడవ మీద సముద్రపు బాతుల వేటకు మొదటిసారి వెళ్లాలనుకుంటున్నామని, అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పాలని అడిగారు. అడిగింది అంతే. మన పెద్దల్లో ఒకరు లేచి "నోరులేని పక్షుల్ని చంపడం మన సంస్కృతి కాదు, ఈ వేదిక మీద ఇలాంటివి వద్దు" అన్నారు. హాలంతా చప్పట్లు. కుర్రాళ్లు తలవంచుకుని దిగిపోయారు. మూడో వరుసలో కూర్చున్న నేను నోరు మెదపలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఇది రాస్తున్నాను.

మాది కైకలూరు దగ్గర కొల్లేటి ఊరు. చలికాలం వస్తే మా తాతయ్య తెల్లవారుజామున తాటిదోనె వేసుకుని వెళ్లేవాడు. తిరిగొచ్చేటప్పుడు దోనె అడుగున గోనెపట్టా, దాని కింద పరజ పిట్టలు. నాయనమ్మ అల్లం, మిరియాలు దంచి వండేది. ఆ రోజు మా ఇంట్లో తలుపు దగ్గరగా వేసి ఉండేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది నేరమని ఊరంతటికీ తెలుసు. అయినా గిన్నె పట్టుకుని పక్కింటివాళ్లూ వచ్చేవారు, ఎవరూ పైకి అనేవారు కాదు. ఆ కూర రుచి నాకు ప్రాణం. కానీ తాతయ్య చేసింది తప్పే. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు నేను సంతోషించాను. ఆ ఇంటినుంచి నాకు వచ్చింది వేట ఒక్కటే కాదు, వేట సంగతి గుట్టుగా ఉంచాలన్న అలవాటు కూడా.

ఆ అలవాటుతోనే 2011 డిసెంబర్‌లో ముగ్గురం మొదటిసారి బయల్దేరాం. పద్నాలుగు అడుగుల పాత అల్యూమినియం పడవ కొన్నాం. అది చెరువులకు పనికొచ్చేదే కానీ బేకి కాదని మాకు తెలియదు. డెలావేర్‌లో ఫ్రెండ్ ఇంటికి వెళ్తున్నానని మా ఆవిడతో అబద్ధం చెప్పాను. మిగతా ఇద్దరూ అలాంటివే చెప్పారు. చోప్‌టాంక్ నది బేలో కలిసేచోటు దాటి, నిజం బాతుల్ని రప్పించడానికి, పొడవాటి తాడుకు వరసగా కట్టిన బొమ్మ బాతుల్ని నీళ్లలో వదిలాం. స్కోటర్లనే సముద్రపు బాతులు వచ్చాయి. నల్లగా, బొద్దుగా, నీళ్లకు ఆనుకుని ఎగురుతూ గుంపులుగా వచ్చాయి. మేం ఇంకేమీ చూడలేదు.

తొమ్మిది దాటాక గాలి తిరిగింది. ఆటు ఒకవైపు, గాలి దానికి ఎదురు. పావుగంటలో అలలు పొట్టిగా, నిటారుగా లేచాయి. కంగారులో ఇంజిన్ స్టార్ట్ చేస్తే బొమ్మల తాడు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంది. పడవ వెనకభాగం అలలకు తిరిగింది, మోకాళ్ల దాకా నీళ్లు. లైఫ్ జాకెట్లు సీటు కింద ఉన్నాయి. నాది తీసి వేసుకున్నాను గానీ బకిల్ పెట్టలేకపోయాను. రెండు ప్లాస్టిక్ ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూర్చి నొక్కాలి, అంతే. నా వేళ్లు కనబడుతున్నాయి, ఆడడం లేదు. పక్కనున్నవాడు పళ్లతో పట్టుకుని లాగి పెట్టాడు.

ఆయిస్టర్ గుల్లలు పట్టే పడవలోంచి ఒక ముసలాయన చూసి, తాడు విసిరి, మమ్మల్ని ఒడ్డుకు లాక్కెళ్లాడు. ఒక్కటే అడిగాడు: మీరు ఇక్కడున్నట్టు ఎవరికి తెలుసు? ఎవరికీ తెలియదు. ఆయన రాకపోతే కోస్ట్ గార్డ్‌కు ఫోన్ చేసేవాళ్లు లేరు. మా ఆవిడ సాయంత్రం దాకా నేను డెలావేర్‌లో ఉన్నాననే అనుకునేది.

అందుకే సంక్రాంతి రోజు ఆ చప్పట్లు వింటే నాకు అంత భయం వేసింది. ఆ కుర్రాళ్లు వేట మానేశారని మీరనుకుంటున్నారా? మానరు. మనకు చెప్పడం మానేస్తారు.

పెద్దాయన మాటలో నిజం లేదని నేను అనను. సముద్రపు బాతులు ఆలస్యంగా గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి, పెరిగి పెద్దయ్యే పిల్లలు తక్కువ. ఎక్కువ చంపితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఇంటికి తెచ్చి తినలేనన్ని కొట్టేవాడిని నేనూ సమర్థించను. మాంసమే ముట్టని కుటుంబాల మనసు నొప్పించాలనీ నాకు లేదు. కానీ ఆ రోజు మన భోజనాల్లో మటన్ పులావు ఉంది. మన తీరంలో మత్స్యకారులు సముద్రం మీదికి వెళ్లడాన్ని వేట అనే అంటారు, గంగమ్మకు మొక్కి మరీ బయల్దేరతారు. మన సంస్కృతి కాదన్న మాట నాకు ఎక్కలేదు. పైగా ఇక్కడి వేట మా తాతయ్య వేట కాదు. బాతుల వేటకు కొనాల్సిన 25 డాలర్ల ఫెడరల్ డక్ స్టాంపు సొమ్ము దాదాపు అంతా చిత్తడి నేలల్ని కాపాడడానికే పోతుంది. బాతుల్లాంటి నీటిపక్షుల వేటలో సీసం గుళ్లు 1991 నుంచి దేశమంతటా నిషేధం. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకూడదు, రోజుకు ఎన్ని పక్షులో లెక్క ఉంది.

ఆ కుర్రాళ్లకు ఆ రోజు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తున్నాను. బాబూ, మొదటి ఏడు సొంత పడవ వద్దు, లైసెన్సున్న గైడ్‌తో వెళ్లండి. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ముందు పూర్తి చేయండి. మీలో హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ చేతిలో లేకుండా తుపాకీ గానీ తూటా గానీ ముట్టుకోవద్దు. ఫెడరల్ చట్టం ఇచ్చే మినహాయింపు ఆ లైసెన్స్ మీదే నిలబడుతుంది, అనుమానం ఉంటే లాయర్‌ని అడగండి. లైఫ్ జాకెట్ పడవ నీళ్లలోకి దించే ర్యాంప్ దగ్గరే వేసుకోండి. చల్లటి నీళ్లలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు మన మాట వినేది ఇంకో 10 నిమిషాలు, స్పృహ పోవడానికి సుమారు 1 గంట. ఆ గంట కూడా జాకెట్ ఉన్నవాడికే. సెల్ ఫోన్‌ను నమ్ముకోకుండా పడవల్లో వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో పెట్టుకోండి, సాయానికి 16వ ఛానెల్. వాతావరణ శాఖ చిన్న పడవలకిచ్చే స్మాల్ క్రాఫ్ట్ హెచ్చరిక ఉంటే లీవు పెట్టినా సరే, వెనక్కి రండి. ఏ ర్యాంప్, ఏ పడవ, ఎందరు, ఎన్నింటికి తిరిగొస్తారు, రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలి, ఇవన్నీ కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి.

ఆ కాగితం అమ్మ చేతికి ఇవ్వాలంటే అమ్మ ముందు సిగ్గుపడకుండా ఉండాలి. మన సంఘం కార్యవర్గాన్ని (ఈసీని) నేను అడిగేది అదే. మీకు నచ్చకపోతే నచ్చలేదనండి, వాదిద్దాం, కానీ తలవంచుకునేలా చేయకండి. దీపావళి కార్యక్రమం రోజున, సీజన్ ముదరకముందే, వంటలు సర్దే ఆ వెనక గది ఒక్క గంట ఇప్పించండి. స్టేజీ అక్కర్లేదు, మైకూ అక్కర్లేదు. తల్లిదండ్రులు కూడా వస్తే ఇంకా మంచిది. లైఫ్ జాకెట్లు నేను తెస్తాను. ఐస్ నీళ్ల బకెట్లో రెండు నిమిషాలు చేతులు పెట్టి, ఆ తర్వాత బకిల్ పెట్టుకుని చూడమంటాను.