సెల్లారు నుంచి పెంట్‌హౌసు దాకా వ్యాపించిన కాంప్లెక్సు గారికి

రెండో అంతస్తు అద్దెదారు నమస్కారాలు.

విజయనగరంలో తమరి అడ్రసు చెప్పడం సులువే గానీ, తమరెవరో చెప్పడం కష్టం. కింద సెల్‌ఫోన్ల కొట్టు, దాని మీద రక్తపరీక్షల ల్యాబు, ఆపైన మా కాపురం, మా నెత్తిన ఫంక్షన్ హాలు. పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్లకి పైనుంచి దప్పళం పోపు వాసన తగులుతుంది. షుగరు ఎంతుందో ఏమో, ఓపికకి మాత్రం పరీక్ష అయిపోతుంది. మా ఇంటికని వచ్చిన చుట్టాలు ఒక అంతస్తు ఎక్కువ ఎక్కేసి, పెళ్లి భోజనం చేసి, తాంబూలం పుచ్చుకుని మరీ కిందికొచ్చారు.

అన్నిటికీ ఒకటే లిఫ్టు. మొన్న మాఘమాసం ముహూర్తంలో పెళ్లికూతురు, రక్తం ట్యూబుల ట్రే, మా గ్యాస్ బండ కలిసి ప్రయాణించాయి. ఆల్బంలో మా బండ పడిందేమో కనుక్కోవాలి.

ఇంతమందిని కలిపారని తమరిని తప్పు పట్టడం లేదు. మన పాత బజారు ఇళ్లలో ముందు గదిలో కొట్టు, వెనక వంటిల్లు ఉండేవి కదా. చండీగఢ్‌కి ప్లాను గీసిన లె కార్బూజియే ఫ్రాన్సులోని మార్సేలో 1952 నాటికి 337 ఇళ్ల మేడ కట్టించి, దాని నడుమ అంతస్తుల్లో దుకాణాల వీధి పెట్టాడు, డాబా మీద పిల్లల బడి పెట్టాడు. జపాన్‌లోని ఒసాకాలో ఇంకో విడ్డూరం ఉంది. 1992లో కట్టిన ఒక ఆఫీసు భవనం 5, 6, 7 అంతస్తుల్లోంచి ఎక్స్‌ప్రెస్‌వే దూసుకుపోతుంది! అయితే రోడ్డు స్తంభాలు రోడ్డువే, మేడ స్తంభాలు మేడవే. రెండూ ఒకదాన్నొకటి తాకవు. లిఫ్టు నాలుగు దాటితే ఎనిమిదిలోనే ఆగుతుంది. అక్కడ నెత్తి మీద లారీలు పోతున్నా లోపలివాళ్లు పని చేసుకుంటున్నారట. ఇక్కడ బ్యాండుమేళం మొదలైతే చాలు, మా స్టీలు గ్లాసులు స్టాండులో తాళం వేస్తాయి.

తమరి ప్లాను కాగితం నేను చూశాను. చాలా మర్యాదస్తుల కాగితం. అందులో ఇళ్లవాళ్లకి వేరే గుమ్మం ఉంది, వెనక రెండో మెట్లదారి ఉంది, సెల్లారులో పార్కింగు ఉంది. ఇప్పుడా సెల్లారులో ఫోన్ల అట్టపెట్టెలు పార్కు చేసి ఉన్నాయి. మా బళ్లు రోడ్డు మీద, గంటస్తంభం వైపు పోయే ఆటోవాళ్ల తిట్లు మా మీద. వేరే గుమ్మానికి షట్టరు దిగి, జిరాక్సు సెంటరు వెలిసింది. రెండో మెట్లదారిలో ఫంక్షన్ హాలు వాళ్ల ప్లాస్టిక్ కుర్చీలు పైకప్పు దాకా పేర్చి ఉన్నాయి. పొరపాటున వంటగదిలో మంట లేస్తే మేం ఆ కుర్చీల్లో కూర్చుని ఫైరింజను కోసం ఎదురుచూడాలి కాబోలు.

దసరా వెళ్లిన మంగళవారం మాత్రం తమరి దర్జా వేరు. పైడితల్లమ్మ జాతరలో పూజారిని చివర కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, అదే సిరిమాను, గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరిగేదాకా ప్రతి పిట్టగోడా గ్యాలరీయే. ఎక్కడెక్కడి చుట్టాలో ఎక్కేస్తారు. అందరూ దిగడం మాత్రం ఆ ఒక్క మెట్లదారినే, ఒక్కసారే.

అందుకే ఈసారి పండక్కి ముందే వెనక మెట్ల తలుపు తాళంచెవి కోసం తిరుగుతున్నాను. ఓనరు గారు ఫంక్షన్ హాలు మేనేజర్ని అడగమన్నారు. మేనేజరు వంటమేస్త్రి దగ్గరుందన్నాడు. మేస్త్రికి ఫోన్ చేస్తే, "తాళం నా జేబులోనే ఉంది బాబూ, నేనే సాలూరులో పెళ్లివంటలో ఉన్నాను" అన్నాడు.

ఇట్లు,
ల్యాబుకి పైన, పెళ్లికి కింద ఉండేవాడు