ఆఫర్ దాచిన బ్రోకర్‌కు జరిమానా చాలదు

అమెరికాలో జీవిత బీమా పాలసీని బయటి సంస్థకు అమ్ముకోవడాన్ని లైఫ్ సెటిల్‌మెంట్ అంటారు; కొన్న సంస్థ ఆపై ప్రీమియం కట్టి, పాలసీదారు పోయాక బీమా సొమ్ము తీసుకుంటుంది. ఈ అమ్మకం కుదిర్చే బ్రోకర్ తప్పు చేస్తే రాష్ట్ర బీమా శాఖ జరిమానా వేయొచ్చు, సస్పెండ్ చేయొచ్చు, లైసెన్సే రద్దు చేయొచ్చు. కాగితాల్లో దొర్లిన తప్పులకు మొదటి రెండూ సరిపోతాయి. వచ్చిన ఆఫర్‌ను పాలసీదారు కంటపడనీయని బ్రోకర్‌కు మాత్రం రద్దే శిక్ష కావాలి, అదీ మొదటిసారే.

పాలసీ కూడా ఆస్తే, అమ్ముకోవచ్చు అని అక్కడి సుప్రీంకోర్టు 1911లోనే గ్రిగ్స్‌బీ కేసులో తేల్చింది. నేడు అమ్ముకునేవాళ్లలో ఎక్కువమంది ప్రీమియం భారమైన వృద్ధులు. కొనేదెవరో, ధరెంతో వాళ్లకు తెలిసే దారి లేదు. సంతకంతో అనుమతి తీసుకుని ఆసుపత్రి రికార్డులు తెప్పించడం, ఆయుర్దాయ అంచనా నివేదికలు తీసుకోవడం, ఫైలును కొనుగోలు సంస్థలకు పంపి బిడ్లు రాబట్టడం, అన్నీ బ్రోకరే చేస్తాడు. అందుకే కమీషన్ ఎవరిచ్చినా అతను అమ్మేవాడి మేలే చూడాలని చాలా రాష్ట్రాల చట్టాలు చెబుతున్నాయి.

లెక్క చూడండి. పాలసీ 10 లక్షల డాలర్లది, ఒక సంస్థ 2 లక్షలు ఇస్తానంది అనుకుందాం. కమీషన్ పాలసీ మొత్తంపై 6 శాతమని రాసుకుంటే 60 వేలు, అంటే వచ్చిన ధరలో 30 శాతం. ఈ కోత కాగితం మీదైనా కనిపిస్తుంది. మరో సంస్థ 2.6 లక్షలు ఇస్తానన్న ఈమెయిల్ బ్రోకర్ ఇన్‌బాక్సులోనే ఆగిపోతే, ఇంకో 60 వేలు ఆ ముసలాయనకు తెలియకుండానే పోతాయి. పోటీ బిడ్లు తొక్కిపెట్టడానికి బ్రోకర్లకు రహస్య చెల్లింపులు చేశారంటూ 2006లో న్యూయార్క్ అటార్నీ జనరల్ స్పిట్జర్, పాలసీలు కొనే కవెంట్రీ ఫస్ట్ సంస్థపై దావా వేసింది సరిగ్గా ఇలాంటి ఆరోపణతోనే. ఇంత మిగిలే పనికి పదివేల జరిమానా వేస్తే దాన్ని ఖర్చు కింద రాసుకుంటారు.

బ్రోకర్ ఫైలొక్కటే తిరగేస్తే ఇది దొరకదు, దాచిన బిడ్ అందులో ఉండదు కాబట్టి. అదే పాలసీ నంబరు మీద ప్రతి కొనుగోలు సంస్థ నుంచీ బిడ్ల రికార్డు తెప్పించాలి. తేదీ, మొత్తం వరుసగా పేర్చి, అమ్మినవాడు సంతకం పెట్టిన ఆఫర్ల పత్రం పక్కన పెట్టాలి. సంస్థల రికార్డులో ఉండి ఆ పత్రంలో లేని బిడ్డే సాక్ష్యం. ఒక్క రౌండుతో ముగించిన ఫైళ్లు, పదేపదే ఒకే సంస్థ గెలిచిన ఫైళ్లు ముందు తీయాలి.

రద్దు చేస్తే పొట్ట కొట్టినట్టే, బ్రోకర్లు తగ్గితే పోటీ కూడా తగ్గుతుంది అంటారు. రద్దుకు ముందు విచారణ కోరే హక్కు ఎలాగూ ఉంది. పోటీని చంపినవాడు పోతే పోటీ తగ్గుతుందన్న వాదన మాత్రం నిలవదు.

అసలు శిక్షించే అధికారం ఎవరి చేతిలో ఉందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. అమెరికాలో కనీసం అది ప్రభుత్వ శాఖ చేతిలో ఉంది. మన దగ్గర బీమా చట్టానికి 2015లో చేసిన సవరణ తర్వాత వ్యక్తిగత ఏజెంటుకు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఇవ్వడం ఆగిపోయింది. నియమించేదీ, సస్పెండ్ చేసేదీ బీమా కంపెనీయే. టార్గెట్లు పెట్టేదీ అదే. అబద్ధం చెప్పి పాలసీ అంటగట్టిన ఏజెంటును, ఆ ప్రీమియంతో లాభపడిన కంపెనీయే విచారించాలి. అదే సవరణ 38వ సెక్షన్‌ను కూడా మార్చింది. వ్యాపారం కోసమని తేలితే పాలసీ బదిలీని కంపెనీ తిరస్కరించవచ్చు. దాంతో కరీంనగర్‌లోనో కాకినాడలోనో ప్రీమియం కట్టలేని పాలసీదారుకు చాలాసార్లు మిగిలేది పాలసీ మధ్యలో వదులుకుంటే కంపెనీ ఇచ్చే సరెండర్ విలువే. పాలసీ అంటగట్టిన ఏజెంటుపై ఫిర్యాదు చేయాలన్నా ముందు ఆ కంపెనీ కౌంటర్ దగ్గరే నిలబడాలి.