టైమింగ్ బెల్ట్ టెన్షన్ వేలితో చూసేది కాదు

"టైమింగ్ బెల్ట్ ఇంట్లోనే మార్చుకోండి, వేలకు వేలు మిగుల్చుకోండి" అన్న మెసేజ్ మళ్లీ వచ్చింది. టైమింగ్ బెల్ట్ అంటే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) తిరగడానికీ వాల్వులు తెరుచుకోవడానికీ లంకె కలిపే పళ్ల బెల్ట్. పంపినవాళ్లలో డస్టర్, వెరిటో డీజిల్ బండ్లవాళ్లున్నారు. అందుకే వాటిలో ఉండే 1.5 డీసీఐ డీజిల్ ఇంజన్ పట్టుకునే మాట్లాడతాను.

పగుళ్లు లేకపోతే బెల్ట్ మార్చక్కర్లేదట. లోపలి దారాలు దెబ్బతింటే పైకి కనబడదు. కిలోమీటర్లూ చూడాలి, ఏళ్లూ చూడాలి.

పాత టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా ఉంచే రోలర్) చేత్తో తిరుగుతుంటే బాగున్నట్టేనట. చేత్తో తిప్పితే దాని మీద బెల్ట్ లోడ్ ఎక్కడుంది? బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా పోతుంది. బెల్ట్, టెన్షనర్ కలిపి వచ్చే కిట్ మొత్తం మార్చండి.

అసలు ప్రమాదం ఈ సలహాలో ఉంది: "ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు, బెల్ట్ ఎంత బిగుతుగా వస్తే అంత లాగి టెన్షనర్ బిగించండి. వేళ్లతో మెలిపెడితే 90 డిగ్రీలు తిరగాలి." ఆ 90 డిగ్రీల పరీక్ష కల్పితం కాదు, ఒప్పుకుంటున్నాను. చేత్తో సెట్ చేసే పాత టెన్షనర్లకు వర్క్‌షాప్ మాన్యువల్స్‌లోనే ఉండేది. కానీ ఈ ఇంజన్ టెన్షనర్‌లో స్ప్రింగ్ ఉంది, దాని మీద ముల్లు ఉంది. ఎలెన్ కీతో తిప్పి ముల్లును గుర్తుకు ఎదురుగా తెచ్చి, అది కదలకుండా నట్టు బిగించాలి. ముల్లు కళ్లముందు ఉండగా వేళ్లతో అంచనా వేయడం ఎందుకు?

అదీ ఇంజన్ పూర్తిగా చల్లారాకే. వేడికి హెడ్ (ఇంజన్ పైభాగం), బ్లాక్ (దాని కింది భాగం) సాగి బెల్ట్ బిగుస్తుంది. అప్పుడు సెట్ చేస్తే చల్లారాక వదులవుతుంది. తెల్లారి స్టార్ట్ చేసినప్పుడు ఒక్క పన్ను దాటినా టైమింగ్ తప్పుతుంది, ఇంకా దాటితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. పోనీ అతిగా బిగిస్తే? ఆ భారమంతా వాటర్ పంప్ బేరింగ్ మీద, టెన్షనర్ బేరింగ్ మీద పడుతుంది. మిగిల్చిన డబ్బు హెడ్ దింపించడానికి చాలుతుందా?

"క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పడం టైమ్ వేస్ట్, నేరుగా స్టార్ట్ చేయండి" అని చివరి సలహా. ఇది రాసినవారు ఎప్పుడైనా వంగిన వాల్వు చూశారా? ఆ రెండు చుట్లతోనే బెల్ట్ పుల్లీల మీద సర్దుకుంటుంది, దాగిన వదులు బయటపడుతుంది. క్రాంక్ బోల్టుకు పానా పెట్టి, ఇంజన్ తిరిగే దిశలోనే, నెమ్మదిగా తిప్పండి. మధ్యలో గట్టిగా తగిలితే బలం పెట్టకుండా ఆపేయండి. తర్వాత టైమింగ్ గుర్తులు, ముల్లు మళ్లీ చూడండి. ముల్లు జరిగితే నట్టు వదులుచేసి మళ్లీ సెట్ చేయండి. గుర్తులు కలవకపోతే బెల్ట్ తీసి మొదటినుంచి ఎక్కించాలి. అప్పటిదాకా తాళం తిప్పొద్దు.